ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్: విద్యార్థులకు ఆయన జీవితంలో ముందుగా ఏది చెప్పాలి?

వాచకశాల (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా పాఠశాల గ్రంథాలయంలో ప్రతి నెలా హైదరాబాదుతో సంబంధమున్న ఒక ప్రముఖుని గురించి తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు గంటసేపు ప్రసంగం ఏర్పాటు చేస్తుంటాము. ఈసారి ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ గారిని ఎంచుకున్నాను. ఆయన 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టారు. నిజాం కళాశాలలో చదువుకున్నారు. పద్దెనిమిదేళ్ళకే వాయుసేనలో చేరి, 1978 నుండి 1981 వరకు దానికి అధిపతిగా ఉన్నారు. ఆ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో మన రాయబారిగా పనిచేసి, 2018 ఏప్రిల్ 30న తిరిగి ఈ నగరంలోనే కన్నుమూశారు.

ఇంతటి జీవితం గురించి తెలుగులో నాకు దొరికినది చాలా తక్కువ. ఆ కొద్దిలోనూ దాదాపు ప్రతి వ్యాసం 'భారత వాయుసేనకు అధిపతి అయిన తొలి ముస్లిం' అన్న వాక్యంతో మొదలై అక్కడే ఆగిపోతున్నది. ఆ మాట నిజమే; ఇప్పటివరకు ఆ పదవి చేపట్టిన ఏకైక ముస్లిం కూడా ఆయనే. అయితే నలభై ఏళ్ళ సర్వీసు చేసిన మనిషిని ఒక్క విశేషణంతో పిల్లలకు పరిచయం చేయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన వృత్తి జీవితంలో నిజంగా గొప్పదిగా చెప్పుకోవలసినది ఏది? విమానయానం గురించి, సైన్యం గురించి తెలిసిన సభ్యులు వివరంగా రాస్తే ప్రసంగాన్ని దాని ప్రకారం మలచుకుంటాను.

వాయువీధి

మంచి వ్యక్తిని ఎంచుకున్నారండి. నా అభిప్రాయంలో ఆయన జీవితాన్ని విమానాల ద్వారా చెబితే పిల్లలకు బాగా అందుతుంది. ఎందుకంటే మన వాయుసేన ఎదిగిన తీరంతా ఆ ఒక్క మనిషి నడిపిన విమానాలలోనే కనిపిస్తుంది.

1942 జనవరి 26న అంబాలాలో ఆయనకు కమిషన్, అంటే అధికారిగా నియామకం, లభించింది. అప్పటికి మన వాయుసేన పుట్టి పదేళ్ళు కూడా కాలేదు. 1932 అక్టోబరు 8న అది చట్టరీత్యా ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటీ విమానాలతో మొదటి దళం మొదలైంది. లతీఫ్ గారిని మొదట పంపినది కూడా కరాచీకే. తీరరక్షణ కోసం ఏర్పరచిన రెండవ కోస్టల్ ఫ్లైట్‌లో, అరేబియా సముద్రం మీద శత్రు జలాంతర్గాములు కనిపిస్తాయేమోనని గస్తీ తిరగడం ఆయన పని. అందుకు ఇచ్చిన విమానాలు వాపిటీ, ఆడాక్స్, హార్ట్. ఇవన్నీ రెండేసి రెక్కల వరుసలున్న, పైకప్పు లేని పాతకాలపు యంత్రాలు. వాపిటీ వేగం గంటకు సుమారు 220 కిలోమీటర్లు మాత్రమే. ఒకే ఇంజనుతో, ముఖానికి గాలి కొడుతుండగా, ఒడ్డు కనబడనంత దూరం సముద్రం మీదికి వెళ్ళి దారి తప్పకుండా తిరిగిరావడం పంతొమ్మిదేళ్ళ యువకునికి ఎంత కఠినమైన బడో ఊహించండి.

1943-44లో బ్రిటన్‌కు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరు. అక్కడ రాయల్ ఎయిర్‌ఫోర్స్ వద్ద హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల మీద శిక్షణ పొంది, 1944లో తిరిగివచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. బర్మాలో మన దళాల పని ఎంత ప్రమాదకరమో ఈ రోజుల్లో చాలామందికి తెలియదు. అడవి చెట్ల కొనలను తాకుతున్నంత తక్కువ ఎత్తులో ఎగురుతూ జపాను సేనల జాడ తీయాలి, ఫోటోలు తేవాలి, మన పదాతిదళానికి దారి చేయాలి. వానకాలం వస్తే మబ్బులే కొండలంత ప్రమాదం. యుద్ధం ముగిశాక 1946లో లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతుకు వెళ్ళిన భారత బృందంలోనూ లతీఫ్ గారు ఉన్నారు.

ఇక చివరికి వస్తే, 1981లో పదవీ విరమణకు ముందు ఆయన మిగ్-25లో ఎగిరారు. ఆ విమానం వేగం గంటకు దాదాపు 3,000 కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో, ఆకాశం నల్లగా కనిపించేచోట అది తిరుగుతుంది. వాపిటీతో మొదలై మిగ్-25తో ముగిసిన సర్వీసు ఇది. ఈ దూరాన్ని పిల్లలకు చూపిస్తే మిగిలిన కథ దానంతట అదే వస్తుంది.

మంజీర

వాయువీధి గారు రాసినది ఆసక్తికరంగా ఉంది. కాని విమానాల కథ చెబితే మనిషి వెనుకబడిపోతారేమోనని నా సందేహం. 1947లో ఆయన తీసుకున్న నిర్ణయం అన్నిటికంటే ముందు చెప్పాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దేశ విభజన సమయంలో సైన్యం, నౌకాదళం, వాయుసేన మూడింటినీ పంచారు. ముస్లిం అధికారులకు రెండు దేశాలలో దేనినైనా ఎంచుకునే అవకాశం ఇచ్చారు. లతీఫ్ గారితో కలిసి పనిచేసిన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ పాకిస్తాన్‌కు వెళ్ళారు. వారిద్దరూ లతీఫ్ గారికి ఫోన్ చేసి, కొత్తగా ఏర్పడుతున్న తమ వాయుసేనలో చేరమని కోరారు. తన దృష్టిలో మతం, దేశం ఒకదానితో ఒకటి ముడిపడినవి కావని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆ పిలుపు చిన్నదేమీ కాదు. అస్గర్ ఖాన్ 1957లో, ఇంకా నలభై నిండకుండానే, పాకిస్తాన్ వాయుసేనాధిపతి అయ్యారు. 1965లో ఆయన తరువాత ఆ పదవికి వచ్చినది నూర్ ఖాన్. అంటే వెళ్ళిన మిత్రులిద్దరూ లతీఫ్ గారికంటే ఎన్నో ఏళ్ళ ముందే శిఖరానికి చేరారు. అనుభవజ్ఞులైన అధికారులు అతి తక్కువగా ఉన్న కొత్త వాయుసేనలో పదోన్నతులు ఎంత వేగంగా వస్తాయో ఇరవై నాలుగేళ్ళ అధికారికి తెలియని విషయమా? తెలిసే ఇక్కడ ఉండిపోయారు. పిల్లలకు చెప్పవలసినది ఇది కాక మరేది?

గోల్కొండ చరిత్ర

మంజీర గారి మాటకు హైదరాబాదు వైపు నుంచి ఒక విషయం జోడించాలి. దీనిని చాలామంది గమనించరు.

1947 ఆగస్టులో మిగతా ముస్లిం అధికారుల ముందు రెండు దారులుంటే, హైదరాబాదు సంస్థానానికి చెందిన అధికారి పరిస్థితి అంతకంటే చిక్కైనది. అప్పటికి హైదరాబాదు భారతదేశంలోనూ చేరలేదు, పాకిస్తాన్‌లోనూ చేరలేదు. నిజాం స్వతంత్రంగా ఉండాలని ప్రయత్నిస్తున్నాడు. నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మాత్రమే కుదిరింది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య తరువాత గాని సంస్థానం యూనియన్‌లో కలవలేదు. అంటే లతీఫ్ గారు భారత వాయుసేనలో కొనసాగాలని నిశ్చయించుకున్న నాటికి, ఆయన పుట్టిన ఊరు ఇంకా భారతదేశంలో భాగం కాదు. సొంత సంస్థానం ఎటు పోతుందో తేలకముందే ఆయన తన దారి తేల్చుకున్నారు. మరుసటి ఏడాది జరిగిన ఆ చర్యలో భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు పాల్గొన్నాయి. హైదరాబాదు కుటుంబం నుంచి వచ్చి ఆ సేన దుస్తులు వేసుకున్న అధికారికి ఆ వారం ఎలా గడిచి ఉంటుందో తెలంగాణ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు పాఠ్యపుస్తకంలో పోలీసు చర్య గురించి చదువుతారు కనుక దీనిని దానితో కలిపి చెప్పవచ్చు.

మరొక సంగతి. ఈ నగరానికి యుద్ధవిమానాలతో సంబంధం లతీఫ్ గారికి ముందే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన ధనంతో కొన్న డీహెచ్-9ఏ బాంబర్ విమానాలతో బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌ను తీర్చిదిద్దారు. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచింది. రెండవ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్, 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాదు పేరు పెట్టుకున్నాయి. ఆ యుద్ధకాలంలోనే బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణ కేంద్రం నడిచింది. ఆనాటి హైదరాబాదు కుర్రవాడికి విమానమంటే కేవలం పత్రికలలో చూసే బొమ్మ కాదు.

తుంగభద్ర

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తున్నాను. దయచేసి మంజీర గారు అన్యథా భావించవద్దు.

1947 నిర్ణయం గొప్పదే. కాని ప్రసంగం దాని చుట్టూనే తిరిగితే, పిల్లలకు మనం తెలియకుండానే ఒక తప్పు పాఠం నేర్పుతాము: ఒక ముస్లిం అధికారి చేయగలిగిన అత్యున్నతమైన పని ఈ దేశంలో ఉండిపోవడమేనని. మిగతా అధికారులను మనం వారి యుద్ధాలతో, ప్రణాళికలతో, కొన్న విమానాలతో కొలుస్తాము. ఈయనను మాత్రం విధేయతతో కొలుస్తాము. అది ఆయనకు న్యాయం చేయడం కాదు. మన వాయుసేన అధిపతులలో పార్సీ అయిన ఆస్పీ ఇంజనీర్ గారు, సిక్కులైన అర్జన్ సింగ్, దిల్‌బాగ్ సింగ్ గార్లు, క్రైస్తవుడైన లా ఫాంటేన్ గారు ఉన్నారు. వారి గురించి మాట్లాడేటప్పుడు మొదటి వాక్యంలో మతం ప్రస్తావన రాదు. లతీఫ్ గారు తన మిత్రులకు ఇచ్చిన సమాధానమే మతాన్నీ దేశాన్నీ ముడిపెట్టవద్దని. ఆ సమాధానాన్ని గౌరవించాలంటే ఆయన చేసిన పనిని ముందు పెట్టాలి.

ఆ పని ఏమిటంటే, నా దృష్టిలో, మొదటిది 1971 యుద్ధకాలంలో వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగానికి సహాయాధిపతిగా ఆయన నిర్వహించిన బాధ్యత. రెండవది జాగ్వార్ విమానాల ఎంపిక. రెండవదాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారనుకుంటాను.

విశ్రాంత వైమానికుడు

జాగ్వార్ల నిర్వహణలో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి కనుక తుంగభద్ర గారి పిలుపుకు స్పందిస్తున్నాను. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపికతో చదవండి.

1970ల చివరినాటికి మన వాయుసేనకు ఒక పెద్ద లోటు ఉండేది. శత్రుభూభాగంలోకి చాలాదూరం చొచ్చుకుపోయి, విమానాశ్రయాలు, వంతెనలు, చమురు నిల్వలు వంటి లక్ష్యాలను దెబ్బతీసి తిరిగిరాగల విమానాలు పాతబడిపోయాయి. ఆ పనికి అప్పటివరకు ఉన్నవి కాన్‌బెర్రాలు, హంటర్లు. రెండూ 1950లలో వచ్చినవి. సుఖోయ్-7 గట్టిదే కాని దాని ఇంధనం త్వరగా అయిపోయేది. కొత్త విమానం కావాలన్న ప్రతిపాదన ఎనిమిదేళ్ళకు పైగా దస్త్రాలలోనే ఉండిపోయింది. ఆర్థిక ఇబ్బందులు ఒక కారణం. ఏ దేశం నుంచి కొనాలన్న రాజకీయం మరొకటి.

పోటీలో ప్రధానంగా మూడు విమానాలు నిలిచాయి: ఫ్రాన్సు వారి మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ వారి విగ్గెన్, బ్రిటన్ ఫ్రాన్సులు కలిసి తయారుచేసిన జాగ్వార్. విగ్గెన్ ఇంజను అమెరికన్ నమూనా మీద ఆధారపడినది కావడంతో, దానిని భారతదేశానికి అమ్మడానికి అమెరికా ఒప్పుకోలేదు. దీనిని పిల్లలకు తప్పక చెప్పండి. ఒక దేశం నుంచి విమానం కొన్నా, అందులోని ఒక్క భాగం మరో దేశానిదైతే ఆ మూడో దేశం మన రక్షణ నిర్ణయాలను ఆపగలదు.

మొరార్జీ దేశాయి ప్రధానిగా, జగ్‌జీవన్ రామ్ రక్షణమంత్రిగా ఉన్న ప్రభుత్వం 1978 అక్టోబరులో జాగ్వార్‌ను ఎంచుకుంది. లతీఫ్ గారు అధిపతి అయి అప్పటికి రెండు నెలలు కూడా పూర్తికాలేదు. 1979 జూలైలో మొదటి జాగ్వార్లు అంబాలా చేరి, 14వ స్క్వాడ్రన్‌లో ప్రవేశించాయి. ఆయనకు 1942లో కమిషన్ వచ్చిన అంబాలాయే అది. కొత్తవి తయారయ్యేదాకా ఆగకుండా బ్రిటిష్ వాయుసేన దగ్గర ఉన్న 18 విమానాలను తాత్కాలికంగా తెచ్చుకోవడం, 40 విమానాలను బ్రిటన్‌లోనే తయారు చేయించుకోవడం, మిగిలినవాటిని బెంగళూరులోని హెచ్‌ఏఎల్ కర్మాగారంలో లైసెన్సు మీద తయారుచేయడం అన్న మూడంచెల ఏర్పాటు చాలా ఆలోచించి చేసినది. పైలట్లు, మెకానిక్కులు ఎదురుచూస్తూ కూర్చోకుండా వెంటనే నేర్చుకోవడం మొదలుపెట్టగలిగారు. 1982 నాటికి బెంగళూరులో తయారైన జాగ్వార్ ఎగిరింది.

విమానం గురించి నిజాయితీగా చెప్పాలంటే, వేసవిలో పూర్తి బరువుతో లేవాలంటే దాని ఇంజన్లు కొంత కష్టపడేవి. కాని నేలకు అతి దగ్గరగా, వేగంగా, కుదుపు లేకుండా పోవడంలో దానికి సాటి తక్కువ. మొదట వచ్చిన దారిచూపే పరికరాల స్థానంలో, దారిన్ అనే మెరుగైన వ్యవస్థను మనవాళ్ళే 1980లలో రూపొందించి అమర్చారు. విదేశీ విమానంలోని కీలక పరికరాలను మన అవసరానికి తగినట్టు మార్చుకోగలమన్న ధైర్యం ఆ తరం ఇంజనీర్లకు జాగ్వార్ వల్లనే బాగా వచ్చిందని, చేతులతో పని చేసినవాడిగా నేను చెప్పగలను. తయారు చేసిన బ్రిటన్, ఫ్రాన్సులు రెండూ వాటిని ఎప్పుడో పక్కనబెట్టాయి. మన వాయుసేన మాత్రం నలభై ఏళ్ళు దాటినా వాడుతూ వచ్చింది.

తుంగభద్ర

అద్భుతంగా వివరించారండి, ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. పరిశీలన, పోలికలు, పరీక్షలు చాలావరకు ఆయనకు ముందు అధిపతిగా ఉన్న హృషీకేశ్ మూల్గావ్‌కర్ గారి కాలంలోనే సాగాయి కదా. పదవిలోకి వచ్చిన రెండు నెలలలోపే నిర్ణయం వెలువడితే, ఆ ఘనత ఎవరికి ఇవ్వాలి?

విశ్రాంత వైమానికుడు

న్యాయమైన ప్రశ్న. మూల్గావ్‌కర్ గారి పాత్రను తక్కువ చేయకూడదు. అయితే ఎంపిక ప్రకటించడం ఒక ఎత్తు, ఎంచుకున్నదానిని నిలబెట్టి తెచ్చుకోవడం మరొక ఎత్తు. 1980 జనవరిలో ప్రభుత్వం మారింది. గత ప్రభుత్వం చేసిన ఇంత పెద్ద ఒప్పందం మీద సహజంగానే పునఃపరిశీలన జరిగింది. అటువంటప్పుడు వాయుసేనాధిపతి కాస్త తడబడినా కథ మళ్ళీ మొదటికి వచ్చేది. విమానాలు వచ్చాయి, దళాలు ఏర్పడ్డాయి, బెంగళూరులో తయారీ సాగింది. ఆ మూడేళ్ళూ పగ్గాలు లతీఫ్ గారి చేతిలోనే ఉన్నాయి.

అదే కాలంలో ఆయన సోవియట్ యూనియన్‌తో చర్చలు జరిపి మిగ్-23 రకాలను, ఆ తరువాత నిఘా కోసం మిగ్-25ను తెచ్చారు. మిగ్-25 దళాన్ని 1981లో బరేలీలో ఏర్పరచారు. 2006 వరకు అది పనిచేసింది. ఒకవైపు పశ్చిమ ఐరోపా నుంచి దాడి విమానాలు, మరోవైపు సోవియట్ యూనియన్ నుంచి నిఘా విమానాలు తెస్తూ, ఎవరి చేతికీ పూర్తిగా చిక్కకుండా సేనను నిర్మించిన కాలం అది.

వాయువీధి

ఆ చివరి మాటకు మూలం ఆయన వాషింగ్టన్ రోజులలో ఉందని నా ఊహ. 1961 నుండి 1965 వరకు అమెరికాలో మన వాయుసేన ప్రతినిధిగా, అంటే ఎయిర్ అటాషేగా, ఆయన పనిచేశారు. అప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పాకిస్తాన్‌కు అమెరికా ఎఫ్-104 స్టార్‌ఫైటర్లు ఇచ్చింది. మనం అడిగితే ఇవ్వలేదు. మనం మిగ్-21 కోసం సోవియట్ వైపు తిరిగాము. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు అదే అమెరికా రవాణా విమానాలు పంపింది. 1963 నవంబరులో మన గగనతలంలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వాయుసేనలతో ఉమ్మడి విన్యాసాలు కూడా జరిగాయి. మళ్ళీ 1965 యుద్ధంలో అమెరికా ఇరుదేశాలకూ ఆయుధాల సరఫరా ఆపేసింది. ఇచ్చే చెయ్యి ఎప్పుడు చాస్తుందో, ఎప్పుడు వెనక్కి లాక్కుంటుందో వాషింగ్టన్‌లో కూర్చుని చూసిన అధికారి, పదిహేనేళ్ళ తరువాత కొనుగోళ్ళ బల్ల దగ్గర ఎలా ఆలోచిస్తారో అర్థం చేసుకోవచ్చు.

ఇంకొకటి మరచాను. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైన రోజు ఢిల్లీ మీద జరిగిన వాయు విన్యాసానికి నాయకత్వం వహించినది స్క్వాడ్రన్ లీడర్ లతీఫ్. నడిపినది టెంపెస్ట్ విమానం, గంటకు దాదాపు 700 కిలోమీటర్ల వేగం అందుకోగల చివరితరం పంఖా యుద్ధవిమానాలలో ఒకటి. ఆ మొదటి కవాతు ఇప్పటి కర్తవ్యపథ్‌లో కాక ఇర్విన్ స్టేడియంలో జరిగింది. బ్రిటిష్ రాజు ఇచ్చిన 'రాయల్' బిరుదును మన వాయుసేన వదులుకున్నది కూడా ఆ రోజే. ఆయన కమిషన్ పొందింది సరిగ్గా ఎనిమిదేళ్ళ ముందు అదే తేదీన.

మంజీర

తుంగభద్ర గారి అభ్యంతరం గురించి ఆలోచించాను. విధేయతతో మాత్రమే కొలవకూడదన్న మాటను ఒప్పుకుంటున్నాను. అయినా 1947ను వెనక్కి నెట్టడానికి నాకు ఇష్టం లేదు. గోల్కొండ చరిత్ర గారు చెప్పినట్టు సొంత సంస్థానం మూడో దారిలో ఉండగా తీసుకున్న నిర్ణయం అది. దానిని మతం కోణంలోంచి కాక, ఒక యువకుడు తన వృత్తిలో ఎవరి కోసం ప్రాణం పెట్టాలో తానే తేల్చుకున్న సందర్భంగా చెప్పవచ్చు కదా. పదిహేనేళ్ళ పిల్లలకు జాగ్వార్ ఒప్పందం కన్నా ఆ ప్రశ్న దగ్గరగా ఉంటుంది. ఆ ముగ్గురి స్నేహం గురించి కూడా చెప్పాలి. ఒకే సేనలో పక్కపక్కన ఎగిరిన ముగ్గురూ తరువాత రెండు ఎదురెదురు వాయుసేనలకు అధిపతులయ్యారు. అస్గర్ ఖాన్ 2018 జనవరిలో పోయారు. లతీఫ్ గారు అదే ఏడాది ఏప్రిల్‌లో.

తుంగభద్ర

ఈ రూపంలో చెబితే నాకు అభ్యంతరం లేదు. కాని వరుస మార్చమనే నా సలహా. ముందు సముద్రం మీద వాపిటీ నడిపిన కుర్రవాణ్ణి చూపించండి, తరువాత బర్మా; అప్పుడు 1947. అలా చెబితే ఆ ఫోన్లు ఆయనకు ఎందుకు వచ్చాయో పిల్లలకు అర్థమవుతుంది: ముస్లిం అయినందుకు మాత్రమే కాదు, యుద్ధంలో పండిన పైలట్ అయినందుకు.

గోల్కొండ చరిత్ర

కుటుంబం గురించి ఎవరూ రాయలేదు. లతీఫ్ గారి సతీమణి బిల్కీస్ లతీఫ్ గారు నవాబ్ అలీ యావర్ జంగ్ కుమార్తె. అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, తరువాత అలీగఢ్ ఉపకులపతిగా, అనేక దేశాలలో రాయబారిగా పనిచేసిన హైదరాబాదీ. ఆయన 1961 నుండి ఫ్రాన్సులో మన రాయబారి. 1971 నుండి మహారాష్ట్ర గవర్నరు. అల్లుడు లతీఫ్ గారు 1982 మార్చి నుండి 1985 ఏప్రిల్ వరకు మహారాష్ట్ర గవర్నరు, ఆ వెంటనే 1988 వరకు ఫ్రాన్సులో రాయబారి. మామ, అల్లుడు ఇద్దరూ అవే రెండు పదవులు నిర్వహించడం అరుదైన విషయం. బొంబాయిలో వినికిడి లోపం ఉన్నవారి కోసం అలీ యావర్ జంగ్ పేరిట జాతీయ సంస్థ 1983లో ఏర్పడింది. ఆ సమయంలో అక్కడి రాజ్‌భవన్‌లో ఉన్నది ఆయన కుమార్తె, అల్లుడే.

బిల్కీస్ గారిని గవర్నరు భార్యగా మాత్రమే చెప్పకండి. ధారావి మురికివాడలో ఆమె చేసిన సేవ చాలా పెద్దది. రాజ్‌భవన్ ఉన్న మలబార్ హిల్‌కూ ధారావికీ మధ్య ఉన్న అంతరం తెలిసినవారికి ఆ పని విలువ తెలుస్తుంది. ఆమె రచయిత్రి కూడా; భర్త జీవితచరిత్రను ఆమే రాశారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. 2017లో ఆమె, కొన్ని నెలల తరువాత ఆయన వెళ్ళిపోయారు.

విశ్రాంత వైమానికుడు

గవర్నరు పదవీ, రాయబారి పదవీ గౌరవప్రదమైనవే కాని, ప్రసంగంలో వాటికి ఎక్కువ సమయం ఇవ్వవద్దని నా మనవి. సేనాధిపతులుగా పనిచేసినవారిలో అలాంటి పదవులు చాలామందికి లభించాయి. 1971 యుద్ధకాలపు ప్రణాళికల పని దగ్గర కొంచెం ఆగండి. డిసెంబరు 3 నుండి 16 వరకు జరిగిన ఆ యుద్ధంలో అధిపతి పి.సి. లాల్ గారు. ఢాకా గవర్నరు భవనం మీద దాడి చేసిన మిగ్-21 పైలట్ల పేర్లు పుస్తకాలలో వస్తాయి, రావాలి కూడా. కాని ఏ దళానికి ఎన్ని విమానాలు, ఎన్ని విడిభాగాలు, ఎంతమంది శిక్షణ పొందినవారు ఎప్పటికి అందుబాటులో ఉండాలో ఏళ్ళ ముందు లెక్కవేసేది ప్రణాళికల విభాగం. ఆ పని సరిగా జరగకపోతే పైలట్ ధైర్యం నేల మీదనే నిలిచిపోతుంది. నేలమీద పనిచేసిన నాబోటివాళ్ళకు అది ప్రతి ఉదయం అనుభవమే. లతీఫ్ గారిని నేను గౌరవించేది ఎక్కువగా ఇందుకే: ఆయన ఎగరడం ఎంత బాగా తెలిసినవారో, ఎగరడానికి ముందు జరగవలసినదంతా అంత బాగా తెలిసినవారు. పరమ విశిష్ట సేవా పతకం ఆయనకు ఊరికే రాలేదు.

వాచకశాల

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇన్ని వివరాలు ఒక్కచోట చేరుతాయని అనుకోలేదు. తుంగభద్ర గారి వరుసలోనే వెళ్తాను: కరాచీ, బర్మా, తరువాత 1947, దానితో పాటు హైదరాబాదు ఆనాటి పరిస్థితి. మొదటి సగం అక్కడికి సరిపోతుంది. రెండవ సగంలో గణతంత్ర దినోత్సవ విన్యాసం, వాషింగ్టన్ త్వరగా ముగించి, జాగ్వార్‌కు ఎక్కువ సమయం ఇస్తాను. విగ్గెన్ ఇంజను సంగతి పిల్లలను తప్పక ఆలోచింపజేస్తుంది. మీరే అయితే ఏ విమానం ఎంచుకుంటారు, ఎందుకు అని వాళ్ళనే జట్లుగా వాదించమంటాను. 'తొలి ముస్లిం అధిపతి' అన్న వాక్యం ఉంటుంది, కాని మధ్యలో, తన చోట ఉంటుంది.

ఒక్క ప్రశ్న మిగిలింది. వాపిటీ, టెంపెస్ట్ వంటివి పిల్లలకు బొమ్మలలో చూపించడమేనా, లేక అసలు విమానాలు ఎక్కడైనా ఉన్నాయా?

వాయువీధి

ఉన్నాయండి. ఢిల్లీ పాలంలోని వాయుసేన ప్రదర్శనశాలలో వాపిటీ ఉంది; ప్రపంచం మొత్తంలో మిగిలిన వాపిటీ అదొక్కటే. అక్కడే హరికేన్, స్పిట్‌ఫైర్, టెంపెస్ట్ కూడా ఉన్నాయి; మిగ్-25ను కూడా అక్కడే నిలిపారు. మీ పాఠశాల వారు ఎప్పుడైనా ఢిల్లీ యాత్ర పెట్టుకుంటే ఒక పూట దానికి కేటాయించండి. పిల్లలను వాపిటీ దగ్గర నిలబెట్టి, రెక్కల మధ్య బిగించిన తీగలను, పైకప్పు లేని కూర్చునే చోటును చూపించి, ఆ తరువాత మిగ్-25 దగ్గరికి నడిపించండి. యాత్ర కుదరకపోతే రెండింటి ఫోటోలు ఒకే కొలతలో ముద్రించి పక్కపక్కన పెట్టండి; వాటి నిజమైన పొడవులు కింద రాయడం మరవకండి.